నెల తప్పాక రెండు వారాలు

సంక్రాంతి నాడు, అంటే జనవరి 14న, ఒకామెకు నెలసరి మొదలైందనుకుందాం. ఊరు మడకశిర చుట్టుపక్కల ఏదైనా కావచ్చు: రొళ్ల, అగళి, గుడిబండ, అమరాపురం. ఆమెకు సరిగ్గా 28 రోజులకొకసారి నెలసరి వస్తుంది. ఆ లెక్కన జనవరి 28 ప్రాంతంలో అండం విడుదలవుతుంది. ఆ రోజే అండమూ శుక్రకణమూ కలిస్తే, ఫిబ్రవరి 5, 6, 7 తేదీల్లో ఎప్పుడో ఒకప్పుడు పిండం గర్భసంచి గోడకు అంటుకుంటుంది. ఫిబ్రవరి 11న రావాల్సిన నెలసరి రాదు. ఫిబ్రవరి 19 నాటికి పిండంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఫిబ్రవరి 25 నాటికి, మెదడూ వెన్నుపామూ తయారయ్యే నాళం రెండు కొసలా మూసుకుంటుంది. అది సరిగ్గా మూసుకుందా లేదా అన్నది ఆ రోజుతో తేలిపోతుంది. తర్వాత ఎన్ని మాత్రలు మింగినా ఆ నాళం విషయంలో చేయగలిగేది లేదు.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది చూద్దాం. నెల తప్పిందని ఆమెకు అనుమానం వస్తుంది. ఇంకో వారం చూద్దామనుకుంటుంది. అత్తకో అమ్మకో చెబితే, మూడో నెల పడేదాకా నలుగురికీ తెలియనివ్వొద్దంటారు. దిష్టి భయం కొంత, నిలుస్తుందో లేదోనన్న దిగులు కొంత. ఆసుపత్రికి వెళ్లేసరికి ఉగాది దాటుతుంది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 12 వారాల్లోపు పేరు నమోదు చేయించుకుంటే ముందుగా నమోదైనట్టే. ఈమె విషయంలో ఆ గడువు ఏప్రిల్ 8. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 70 మంది గర్భిణులకు మొదటి మూడు నెలల్లోనే పరీక్షలు జరిగాయి. సంతోషించాల్సిన సంగతే. కానీ ఏప్రిల్ 8న వెళ్లినామె కూడా ఆ 70 మందిలోనే ఉంటుంది. నాళం మూసుకుని అప్పటికి ఆరు వారాలైంది.

ఫిబ్రవరి 11కీ 25కీ మధ్య ఉన్న ఆ రెండు వారాల గురించే ఈ అధ్యాయం.

కరువు సీమ క్యాలెండరు

మడకశిర 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అంతకుముందు అనంతపురం జిల్లా. మ్యాపులో చూస్తే కర్ణాటకలోకి చొచ్చుకుపోయిన ముక్కలా కనిపిస్తుంది. ఒక పక్క పావగడ, ఇంకో పక్క శిర, మరో పక్క మధుగిరి. నొళంబ రాజుల రాజధాని హేమావతి ఇక్కడిదే. ఇళ్లలో తెలుగూ కన్నడమూ కలగలిసి వినిపిస్తాయి. ఏడాదికి కురిసే వాన అయిదున్నర వందల మిల్లీమీటర్ల అటూఇటూ. అదీ నమ్మకంగా కురవదు. జూన్, జులైల్లో విత్తిన చెనక్కాయ నవంబరుకల్లా ఇంటికొస్తుంది. బోరులో నీళ్లున్నవాళ్లు మల్బరీ, వక్క పెట్టుకుంటారు. నీళ్లు లేనివాళ్లకు సంక్రాంతి దాటాక ఊళ్లో పని ఉండదు. మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బాట పడతారు.

మన లెక్కలోని ఆమె ఫిబ్రవరి 11న ఎక్కడుంటుందో దీన్ని బట్టి ఊహించవచ్చు. ఊళ్లో ఉంటే ఆశా కార్యకర్త వీధి చివర ఉంటుంది. బెంగళూరులో కడుతున్న భవనం పక్కన రేకుల షెడ్డులో ఉంటే ఆమెను ఎరిగిన ఆశా ఎవరూ ఉండరు. కర్ణాటకలో 'తాయి కార్డు', మన వైపు తల్లీబిడ్డల రక్షణ కార్డు. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే మనిషి ఏ రిజిస్టరులోనూ వేళకు ఎక్కదు. ఇక్కడ గర్భిణి సంరక్షణలో జరిగే ఆలస్యానికి అజ్ఞానం ఒక్కటే కారణమనడం తప్పు. వాన పడని నెలలూ, కడుపు నిలిచిన మొదటి వారాలూ ఒకేసారి వచ్చి పడటం కూడా కారణమే.

ఎర్ర గీత వెనక బంగారం

నెల తప్పిన సంగతి నిర్ధారించుకోవడం మాత్రం ఇప్పుడు చాలా సులువు. ఆశా దగ్గర 'నిశ్చయ్' పేరుతో ప్రభుత్వ కిట్ ఉచితంగా దొరుకుతుంది. మందుల షాపులో కొంటే యాభై అరవై రూపాయలవుతుంది. ఏదైనా లోపలి సంగతి ఒక్కటే. అరచేతిలో ఇమిడే తెల్లటి ప్లాస్టిక్ పలక. ఒక చివర మూత్రం చుక్కలు వేసే చిన్న గుంట. మధ్యలో సన్నటి కిటికీ, దాని అంచున సీ, టీ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు.

పిండం గర్భసంచికి అంటుకోగానే, రేపు మాయగా మారబోయే కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను తల్లి రక్తంలోకి వదలడం మొదలుపెడతాయి. 'ఈ నెల పొర రాల్చొద్దు' అని అండాశయానికి అందే కబురు అది. ఆ కబురు అందకపోతే నెలసరి మామూలుగా వచ్చేస్తుంది. రక్తంలోంచి ఆ హార్మోన్ మూత్రంలోకి చేరుతుంది. కిట్ పట్టుకునేది దాన్నే.

చుక్కలు వేసిన చోట కాగితం లాంటి పట్టీ ఉంటుంది. ఆ పట్టీలో హెచ్‌సీజీని పట్టుకునే యాంటీబాడీలను కంటికి కనిపించనంత సన్నటి బంగారు రేణువులకు అంటించి ఆరబెట్టి ఉంచుతారు. మూత్రం పట్టీ వెంబడి పాకుతూ వాటిని తనతో తీసుకుపోతుంది. టీ దగ్గర మరో రకం యాంటీబాడీలు కదలకుండా కాపు కాసి ఉంటాయి. హెచ్‌సీజీ ఉంటే దాని ఒక కొస బంగారు రేణువు పట్టులో, మరో కొస టీ గీత పట్టులో చిక్కుతుంది. అలా లక్షలాది రేణువులు ఒక్కచోట పోగైతే గీత ఎర్రగా తేలుతుంది. బంగారం అంత సన్నగా నలిగితే పసుపుపచ్చగా ఉండదు, ఎర్రగా కనిపిస్తుంది. సీ దగ్గరి గీతకు హెచ్‌సీజీతో పని లేదు. రేణువులు అక్కడిదాకా వచ్చాయని మాత్రమే అది చెబుతుంది. అందుకే సీ గీత రాకపోతే కిట్ చెడిందని అర్థం, కడుపు లేదని కాదు.

మామూలు కిట్లు మిల్లీలీటరు మూత్రంలో 25 మిల్లీ యూనిట్ల హెచ్‌సీజీ ఉంటే గుర్తుపడతాయి. మొదటి వారాల్లో ఈ హార్మోన్ ఇంచుమించు రెండు రోజులకొకసారి రెట్టింపవుతుంది. ఫిబ్రవరి 11న 25 ఉంటే, 13న 50, 15న 100. అందుకే నెల తప్పిన రోజున గీత రాలేదని నిరాశపడాల్సిన పనీ లేదు, ఊపిరి పీల్చుకోవాల్సిన పనీ లేదు. అండం రెండు రోజులు ఆలస్యంగా విడుదలై ఉండొచ్చు, పిండం అంటుకోవడం ఆలస్యమై ఉండొచ్చు. మూడు నాలుగు రోజులాగి మళ్లీ చూడాలి. తెల్లవారుజామున లేవగానే పోసిన మూత్రం చిక్కగా ఉంటుంది కాబట్టి మొదటి రోజుల్లో అదే మేలు. చెంబెడు నీళ్లు తాగి పరీక్ష చేస్తే ఉన్న హార్మోన్ కూడా పలచబడిపోతుంది. అయిదు నిమిషాల్లో, కిట్ మీద రాసిన గడువులోపు చూడాలి. అరగంట తర్వాత ఆరిన పట్టీ మీద కనిపించే బూడిదరంగు చారను నమ్మకూడదు.

ఒకసారి గీత వచ్చి, వారం తిరక్కుండానే నెలసరి వచ్చేయడమూ జరుగుతుంది. 1988లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అలెన్ విల్‌కాక్స్ బృందం అమెరికాలో పిల్లల కోసం ప్రయత్నిస్తున్న స్త్రీల మూత్రాన్ని రోజువారీగా సేకరించి పరీక్షించింది. నిలిచిన గర్భాల్లో 22 శాతం, నెల తప్పిందని ఎవరూ గుర్తించకముందే పోయాయని తేలింది. ఇదివరకటి తరాల్లోనూ ఇలా జరిగేది. వాళ్లు దాన్ని నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన నెలసరి అనుకునేవారు. కిట్ చవకయ్యాక ఆ బాధ మనకు తెలుస్తోంది. ఆమె బరువు ఎత్తినందుకో, బస్సులో కుదుపులకో అలా జరగలేదు. చాలావరకు క్రోమోజోముల లెక్క తప్పడమే కారణం.

ఎలుక, కప్ప, మాత్ర

ఇంత తేలికైన పరీక్షకు చేరడానికి దారి చాలా దూరమే సాగింది. 1927-28 ప్రాంతంలో బెర్లిన్‌లో సెల్మార్ ఆష్‌హైమ్, బెర్న్‌హార్డ్ జోండెక్ అనే ఇద్దరు వైద్యులు ఆడ ఎలుకపిల్లలకు గర్భిణి మూత్రం ఎక్కించి, కొన్ని రోజుల తర్వాత చంపి, అండాశయాల్లో మార్పు వచ్చిందా అని కోసి చూసేవారు. తర్వాత కుందేళ్ల వంతు వచ్చింది. 1930లలో లాన్‌స్లాట్ హాగ్‌బెన్ దక్షిణాఫ్రికా కప్పల మీద చేసిన పరిశోధన మరో దారి తీసింది. గర్భిణి మూత్రం ఎక్కిస్తే కప్ప గంటల్లోనే గుడ్లు పెడుతుంది, చంపాల్సిన పని లేదు. ఆసుపత్రులు తొట్లలో కప్పలు పెంచుకున్న కాలం అది.

1960లో విడే, గెమ్జెల్ జంతువుల అవసరం లేని పరీక్ష తెచ్చారు. చిక్కల్లా హెచ్‌సీజీకి దగ్గరి పోలిక ఉన్న ఎల్‌హెచ్ అనే హార్మోన్ ప్రతి స్త్రీలోనూ ఉండటం. ఒకదాన్ని చూసి మరొకటనుకునేవారు. 1972లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జుడిత్ వైటుకైటిస్, ఆమె సహచరులు హెచ్‌సీజీకి మాత్రమే సొంతమైన బీటా భాగాన్ని పట్టుకునే యాంటీబాడీతో ఆ తికమకను తీర్చారు. పరీక్షను ఇంటికి చేర్చిందేమో శాస్త్రవేత్త కాదు. న్యూజెర్సీలో ఆర్గనాన్ కంపెనీ సౌందర్య సామగ్రి డబ్బాలు డిజైన్ చేయడానికి పెట్టుకున్న మార్గరెట్ క్రేన్. 1967లో ఆమె ల్యాబులో వరసగా పెట్టిన గాజు గొట్టాలు చూసి, ఇది ఎవరికి వాళ్లే ఇంట్లో చేసుకోవచ్చు కదా అనుకుంది. పేపర్ క్లిప్పుల డబ్బాతో నమూనా తయారుచేసింది. కంపెనీ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. 1971లో కెనడాలో అది అమ్మకానికొచ్చింది.

మన దేశం ఈ మధ్యలో ఇంకో దారిన నడిచింది, అదేమంత మంచి దారి కాదు. 1970లలో, 80లలో ఇక్కడ గర్భ పరీక్షకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లను పెద్ద మోతాదులో కలిపిన మాత్రలు వాడేవారు. వేసుకున్నాక రక్తస్రావమైతే కడుపు లేదని, కాకపోతే ఉందని. మూత్రాన్ని పరీక్షించాల్సింది పోయి, పిండం ఉందో లేదో తెలియని ఒంటిమీదికే మందు ప్రయోగించడం. ఇలాంటి మాత్రలకూ పిల్లల్లో వెన్నుపాము లోపాలకూ సంబంధం ఉండొచ్చని 1967లోనే ఇంగ్లండులో డాక్టర్ ఇసబెల్ గాల్ అనుమానం వ్యక్తం చేసింది. ఆ సంబంధం ఎంత బలమైనదన్న దాని మీద వాదన ఇప్పటికీ నడుస్తోంది. మనవైపు 1982లో నిషేధ ఉత్తర్వు వచ్చింది. కంపెనీలు కోర్టులకెక్కి స్టే తెచ్చుకున్నాయి. మహిళా సంఘాలూ ఆరోగ్య కార్యకర్తలూ ఏళ్ల తరబడి పోరాడితే 1988లో గానీ నిషేధం ఖాయం కాలేదు.

ఆ మాత్రలు పోయినా ఆ అలవాటు పోలేదు. 'నెల రావడానికి మాత్ర ఇవ్వన్నా' అని మందుల షాపులో అడగడం, ఆయన ఏదో ఒకటి చేతిలో పెట్టడం చిన్న టౌన్లలో ఇప్పటికీ మామూలే. పండగకో వ్రతానికో నెలసరిని వెనక్కి జరిపే మాత్రలూ అలాగే అమ్ముతారు. వాటి మూలంగా తేదీల లెక్క తారుమారవుతుంది. నెల తప్పితే ముందు కిట్, తర్వాతే ఏ మాత్రయినా. ఈ వరస తప్పకూడదు.

భీమవరం నుంచి వచ్చిన మాత్ర

ఫిబ్రవరి 25లోపు చేయగలిగే అతి ముఖ్యమైన పని ఒక చిన్న మాత్ర వేసుకోవడం. ఫోలిక్ యాసిడ్. దీని చరిత్రలో సగం మన దేశానిది, కొంత మన తెలుగువాళ్లది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు కడుపుతో ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. ఇనుము ఇచ్చినా కొందరికి నయం కావడం లేదు. కూనూరులోని ప్రయోగశాలలో ఎలుకల మీదా, బొంబాయిలో రోగుల మీదా పనిచేసి, ఈస్ట్ సారంతో ఆ రక్తహీనత తగ్గుతోందని 1931లో ఆమె ప్రకటించింది. ఆ సారంలో ఏదో ఉంది, అదేమిటో తెలియదు. చాలాకాలం దాన్ని 'విల్స్ ఫ్యాక్టర్' అనేవారు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

దాన్ని ఫ్యాక్టరీలో తయారయ్యే మందుగా మార్చింది లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన మనిషి. యువకుడిగా ఉన్నప్పుడు ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక మనిషి క్షీణించే జబ్బు అది. ఆయన అమెరికా చేరి, హార్వర్డు దాటి, 1940లో లెడర్లీకి వెళ్లి, 1945 నాటికి తన బృందంతో సాధించిన ఫోలిక్ యాసిడ్ ఆ స్ప్రూకే మందు. 1948లో న్యూయార్కులో ఆయన కన్నుమూసే నాటికి, ఆ మాత్ర కడుపులో బిడ్డ వెన్నెముకనూ కాపాడుతుందని లోకానికింకా తెలియదు.

అది తేలింది 1991లో. అంతకుముందు కాన్పులో వెన్నుపాము లోపంతో బిడ్డను కన్న స్త్రీలకు బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వాళ్లు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మరుసటి ఏడాది హంగరీలో జరిగిన పరిశోధన, మొదటిసారి వచ్చే లోపాన్నీ ఇది ఆపగలదని చూపింది. మనకూ ఇది దూరపు సంగతి కాదు. కర్ణాటకలోని దావణగెరె వైద్యులు 1987లోనే 'లాన్సెట్' పత్రికలో దక్షిణ భారతంలో ఈ లోపాలు ఎక్కువగా ఉన్నాయని రాశారు. మేనరికాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం మనది కావడం వల్ల ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఇంత మాత్రం గుర్తుంచుకుంటే చాలు. నాళం మూసుకునే ముందే ఒంట్లో ఫోలేట్ నిండి ఉండాలి. నెల తప్పాక మొదలుపెడితే రెండు వారాలే మిగులుతాయి. ఒంట్లో నిల్వలు పెరగడానికేమో వారాలు పడుతుంది. అందుకే మన దేశపు 'అనీమియా ముక్త్ భారత్' మార్గదర్శకాలు పిల్లల కోసం అనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమంటాయి, 12 వారాల దాకా. అంతకుముందు కాన్పులో ఈ లోపం వచ్చినవాళ్లకూ, మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడేవాళ్లకూ మోతాదు ఎక్కువ కావాలి. అది డాక్టరే చెప్పాలి. నాలుగో నెల నుంచి ఇనుమూ ఫోలిక్ యాసిడూ కలిసిన మాత్ర రోజూ, కనీసం ఆరు నెలలు. ఇనుము ఎందుకంటే, అదే సర్వేలో దేశంలో నూటికి 52 మంది గర్భిణులకు రక్తం తక్కువని తేలింది.

తిండిలోంచి కూడా ఫోలేట్ వస్తుంది. సంక్రాంతి రోజుల్లో మడకశిర వైపు ఏ ఇంట్లో చూసినా అనపకాయల వాసనే. గింజలు నానబెట్టి తోలు పితికి చేసే పితికిపప్పు కూర, అలసందలు, చెనక్కాయలు, తోటకూర, అన్నిట్లోనూ ఫోలేట్ ఉంది. కానీ ఆకుకూర ఉడికించి నీళ్లు వంపేస్తే సగం అందులోనే పోతుంది. తిండి మానొద్దు, తిండిని నమ్మి మాత్ర మానొద్దు.

మొదటి వారంలో ఏం చేయాలి

గీత వచ్చిన రోజే నెలసరి మొదలైన తేదీ రాసి పెట్టుకోవాలి. డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది ఆ రోజు నుంచే. అందుకే పిండానికి రెండు వారాలైనా కాగితం మీద నాలుగు వారాలని రాస్తారు. లెక్క తప్పిందని కంగారు పడొద్దు. ఆ తేదీకి ఏడు రోజులూ తొమ్మిది నెలలూ కలిపితే కాన్పు తేదీ. మన లెక్కలోని ఆమెకు అక్టోబరు 21. పాలిచ్చే తల్లులకూ, నెలసరి ఎగుడుదిగుడుగా వచ్చేవాళ్లకూ ఈ లెక్క పనికిరాదు. వాళ్లకు మొదటి మూడు నెలల్లో తీసే స్కానింగే అసలైన కొలమానం. ఆ స్కానింగులో ఆడా మగా చెప్పడం, అడగడం 1994 చట్టం ప్రకారం నేరం.

ఆశాకు చెప్పి, ఏఎన్‌ఎం దగ్గరో విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో పేరు రాయించుకోవాలి. రక్తం, మూత్రం పరీక్షలు అక్కడి నుంచే మొదలవుతాయి: హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, చక్కెర, బీపీ, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తక్కువైతే మాత్రలతో సరిపోదు, ఆసుపత్రిలో చూపించుకోవాలి. మడకశిర, హిందూపురం ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. అనంతపురం వైపు బత్తలపల్లి, కళ్యాణదుర్గంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రులు ఉన్నాయి. బెంగళూరుకు వెళ్లాల్సి వస్తే కార్డు చేతిలో పెట్టుకునే వెళ్లాలి. ఏ రాష్ట్రపు ఆసుపత్రిలో చూపించినా పాత పరీక్షల వివరాలు డాక్టరుకు దొరకాలి కదా.

వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించాలి. మూర్ఛ, థైరాయిడ్, బీపీ, షుగర్ మందులు తమంతట తాము మానేయకూడదు. కొన్ని మార్చాల్సి రావొచ్చు, కొన్ని పెంచాల్సి రావొచ్చు. నొప్పి మాత్రలు, మొటిమల మందులు అడగకుండా వేసుకోకూడదు. జ్వరం వస్తే ఒళ్లు కాలిపోయేదాకా ఊరుకోకూడదు, మొదటి వారాల్లో ఎక్కువ జ్వరం నాళానికి మంచిది కాదు.

ఈ ప్రాంతానికే చెందిన ఒక జాగ్రత్త ఉంది. పట్టుపురుగులు పెంచే ఇళ్లలో కొత్త పంట ఎత్తే ముందు షెడ్డునూ తట్టలనూ ఫార్మలిన్, బ్లీచింగ్ పౌడరు నీళ్లతో శుద్ధి చేస్తారు. ఆ ఘాటుకు కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ఇంటి ఆడవాళ్లే ఎక్కువగా ఆ పని చేస్తారు. నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి ఆ పని ఇంట్లో మరొకరు చేయాలి. పొలంలో మందు కొట్టడం కూడా అంతే. ఈ ఒక్క సంగతి కోసమైనా భర్తకు ముందే తెలియాలి, మూడో నెల దాకా ఆగకుండా. అలాగే వక్క, పొగాకు. అమరాపురం, అగళి వైపు వక్క తోటలు ఉన్నాయి కాబట్టి ఆకువక్క వేసుకోవడం ఇక్కడ రోజువారీ అలవాటు. వక్క క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. గర్భంలో అది బిడ్డ బరువు తగ్గిస్తుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. ఈ తొమ్మిది నెలలు తాంబూలంలో ఆకు మాత్రమే ఉండనివ్వండి.

రాగిసంగటి మానాల్సిన పని లేదు, కాల్షియం దండిగా ఉంటుంది. కానీ రాగుల్లోని ఇనుము పూర్తిగా ఒంటబట్టదు. పక్కన నిమ్మకాయ పిండుకుంటే కొంత మేలు. భోజనం చేయగానే కాఫీ, టీ తాగితే ఉన్న ఇనుము కూడా వృథా. గంట ఆగి తాగాలి. పండిన బొప్పాయి మితంగా తింటే గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. పచ్చికాయ పాలలోని పదార్థం ఎలుకల గర్భసంచిని సంకోచింపజేసింది కాబట్టి దాన్ని మానుకోవడం మంచిదే. వేవిళ్లు ఆరో వారం ప్రాంతంలో మొదలై తొమ్మిదో వారానికి ముదిరి, సాధారణంగా నాలుగో నెలకు తగ్గుతాయి. ఒక్కసారే కంచం నిండా పెట్టుకోకుండా రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి. నీళ్లు కూడా నిలవక, మూత్రం తగ్గి, తూలుతుంటే అది ఇంట్లో చూసుకునేది కాదు. బలపాలో మట్టో బూడిదో తినాలనిపిస్తే నవ్వి వదిలేయకండి. అది ఇనుము తక్కువైందన్న సూచన కావొచ్చు.

గీత చెప్పని సంగతి

కడుపు ఉందని గీత చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాక, ఎక్కువగా అండవాహికలో నిలుస్తాయి. కిట్ వాటికీ ఎర్ర గీతే చూపిస్తుంది. ఆ గొట్టం పిండం పెరుగుదలకు తట్టుకోలేక పగిలితే లోపల రక్తం పోతుంది. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కొద్దికొద్దిగా రక్తం, కళ్లు తిరగడం, భుజం చివర నొప్పి. వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేయాలి. తెల్లారాక చూద్దామనుకోవద్దు. మందుల షాపులో గర్భస్రావం మాత్రలు కొని మింగడం ప్రమాదమయ్యేది ఇక్కడే. ఆ మాత్రలు గొట్టంలోని గర్భాన్ని తీయలేవు. పైగా పని జరిగిపోయిందన్న భ్రమ కలిగిస్తాయి.

కొద్దిపాటి రక్తం కనిపించిన ప్రతిసారీ కడుపు పోయినట్టు కాదు. అలాగని ఊరుకోనూ కూడదు, స్కానింగు చేయించుకోవాలి. తల్లి బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

గర్భం వద్దనుకునే స్త్రీకి కూడా ఈ తొందర పరీక్షే ఎక్కువ వెసులుబాటు ఇస్తుంది. 1971 చట్టం, 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని సందర్భాల్లో 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో చట్టబద్ధంగా గర్భం తీయించుకోవచ్చు. 18 నిండిన స్త్రీకి తన ఒప్పుకోలు ఒక్కటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. పెళ్లి కాలేదన్న కారణంతో ఈ హక్కు లేదనకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. తొమ్మిది వారాలలోపైతే డాక్టరు పర్యవేక్షణలో మాత్రలతోనే సరిపోతుంది. వారాలు గడిచేకొద్దీ దారులు తగ్గుతాయి, ప్రమాదం పెరుగుతుంది.

గడువును ముందుకు జరపాలి

గుట్టు విషయానికొస్తే, మూడో నెల దాకా ఊరికి చెప్పకపోవడంలో తప్పేమీ లేదు. మొదటి వారాల్లో గర్భాలు పోవడం ఎక్కువే కాబట్టి, అలాంటి సమయంలో పదిమంది ప్రశ్నలు తప్పించుకోవాలనుకోవడం సహజం. ఊరికి చెప్పకపోవడం వేరు, ఏఎన్‌ఎంకు చెప్పకపోవడం వేరు. మన పెద్దల మాటలో మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలేస్తే, సంప్రదాయానికీ శాస్త్రానికీ పేచీ ఉండదు.

అసలు మారాల్సింది గడువు. 12 వారాల్లోపు నమోదైతే విజయమనుకునే లెక్క బీపీకీ రక్తహీనతకూ సరిపోతుంది, నాళానికి సరిపోదు. నాళానికి కావాల్సింది పెళ్లయిన నాటి నుంచో, రెండో బిడ్డ కావాలనుకున్న నాటి నుంచో మాత్ర. కళ్యాణమంటపంలో ఇచ్చే తాంబూలం సంచిలో, అంగన్‌వాడీలో, కొత్త కోడలి ఇంటికి ఆశా మొదటిసారి వెళ్లినప్పుడు అది అందించవచ్చు. ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. బెంగళూరు వెళ్లే కుటుంబాలకు మూడు నెలల మాత్రలు, రెండు కిట్లు, కార్డు సంక్రాంతికి ముందే చేతికిస్తే, ఫిబ్రవరి 11న ఆమె ఏ రేకుల షెడ్డులో ఉన్నా ఆ రెండు వారాలు వృథా కావు. పరీక్ష ఇంటికి చేరడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది, మాత్ర విలువ తేలడానికి దాదాపు అరవై ఏళ్లు. ఆ రెంటినీ ఒకే నెలలో ఒకే చేతిలో పెట్టడం మాత్రం శాస్త్రం పని కాదు. ఆ పని ఇంటిదీ, ఊరిదీ, ప్రభుత్వానిదీ.